తలకు దెబ్బ తగిలిన పిల్లాణ్ని అడగొద్దు

కూతకెళ్లిన కుర్రాడి మడమను కార్నర్‌లో ఉన్నవాడు పట్టేస్తాడు. అదే క్షణంలో ఇంకొకడు వచ్చి ఛాతీ మీద డాష్ ఇస్తాడు. కాళ్లు ఉన్నచోటే ఆగిపోతాయి, ఒళ్లు వెనక్కి పోతుంది, చేతులు ఆనించుకునే సందు దొరకదు. తల వెనకభాగం పోయి నేలకు కొట్టుకుంటుంది. కాలు పట్టబోయిన డిఫెండర్ కణతకు రైడర్ మోకాలు తగలడం ఇంకో రకం. మా సూళ్లూరుపేట చుట్టుపక్కల, తడ నుంచి దొరవారిసత్రం దాకా, పల్లె పిల్లలు మ్యాట్ మీద ఆడేది తక్కువ, మట్టి మీద ఆడేదే ఎక్కువ. ఎండకు బిగిసిపోయిన నేల దెబ్బను ఏమాత్రం తగ్గించదు.

పడిన పిల్లాడు లేస్తాడు, మట్టి దులుపుకుంటాడు. "ఏం కాలేదు సార్, నేను బాగానే ఉండా" అంటాడు. పిల్లలకు కబడ్డీ నేర్పేవాడిగా ఈ వారం నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట గురించే. కోచ్ ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదు.

డాక్టర్లు దీన్ని కంకషన్ అంటారు. పుర్రె పగలదు, రక్తం కారదు. తల గట్టిగా కుదుపుకు లోనైనప్పుడు లోపల మెదడు కదిలి, దాని పనితీరు కొంతకాలం దెబ్బతింటుంది. తలకే తగలాలని లేదు, ఛాతీకి తగిలిన డాష్‌తో మెడ విసురుగా ఊగినా చాలు. స్పృహ తప్పితేనే ప్రమాదమని మన ఊళ్లలో గట్టి నమ్మకం. నిజానికి కంకషన్ అయినవాళ్లలో పదికి తొమ్మిదిమంది స్పృహ తప్పరు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, వెలుతురు చూడలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా బదులివ్వడం దీని గుర్తులు. కొన్ని మర్నాటికి గానీ బయటపడవు. తన సంగతి తాను అంచనా వేసుకోవాల్సిన మెదడుకే దెబ్బ తగిలినప్పుడు, ఆ పిల్లాణ్నే పట్టుకుని ఆడగలవా అని అడిగితే ఏం చెప్పగలడు?

తెలిసినా చెప్పడు. రగ్బీవాళ్లు ఈ సంగతి ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకున్నారు. 2013 మే నెలలో కెనడా రాజధాని ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి, స్కూలు రగ్బీ జట్టు కెప్టెన్, వారం తిరక్కుండానే వరస మ్యాచ్‌ల్లో తలకు దెబ్బలు తిన్నది. కంకషన్ అయిందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. స్నేహితులతో చెప్పుకుంది కూడా. అమ్మానాన్నలకు, కోచ్‌లకు మాత్రం చెప్పలేదు. చివరి మ్యాచ్‌లో పడిపోయి నాలుగు రోజులకు చనిపోయింది. మొదటి దెబ్బ మానకముందే మరొకటి తగిలితే ఆ వయసువాళ్ల మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అరుదే, కానీ వస్తే నిమిషాల్లో చేయి దాటిపోతుంది. 2018లో ఒంటారియో రాష్ట్రం ఆమె పేరుతోనే చట్టం చేసింది. కంకషన్ అయిందని రుజువు కావాలని అది అడగదు, అనుమానం వస్తే చాలు, ఆటగాణ్ని వెంటనే బయటికి తీయాలి. బ్రిటన్‌లో 2023లో కింది స్థాయి ఆటలన్నిటికీ ఒకే మార్గదర్శకం ఇచ్చారు. కంకషన్ తర్వాత 21 రోజుల లోపు పోటీలో దిగకూడదు.

ఒళ్లూ ఒళ్లూ ఢీకొట్టుకునే ఆట మనదీ. మన దగ్గర మాత్రం మొహాన నీళ్లు కొట్టి, గ్లూకోజు తాగించి, వీపు చరిచి లోపలికి పంపుతారు. సంక్రాంతి పోటీల్లో ఫైనల్ నడిచే రాత్రి ఊరి పరువు, ప్రైజు డబ్బు రెండూ ఆ పిల్లాడి మీదే ఉంటాయి. మర్నాడు వాళ్ల నాయన వచ్చి, "స్కానింగులో ఏం లేదన్నారు గదా సార్, ఇంకేంది?" అంటాడు. ఆయన్ను తప్పుపట్టను, అప్పు చేసి స్కాన్ తీయించిన మనిషి. కానీ సీటీ స్కాన్ చూసేది లోపల రక్తస్రావం ఉందా, ఎముక చిట్లిందా అన్నది. మెదడు పనితీరులో వచ్చిన తేడా అందులో కనిపించదు. రిపోర్టు బాగుందంటే స్కాన్ తీసినప్పటికి అవి లేవని అర్థం, ఆడొచ్చని కాదు.

దెబ్బ తగిలినవాడి మెదడు తడబడుతోందేమో చూడటానికి, ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం తయారైన మ్యాడక్స్ ప్రశ్నలను నేను మన ఆటకు తగ్గట్టు మార్చుకున్నా. ఇప్పుడు ఏ ఊళ్లో ఆడుతున్నాం? ఇది ఫస్టాఫా, సెకండాఫా? చివరి పాయింటు ఎవరు తెచ్చారు? పోయిన మ్యాచ్ ఎవరితో? గెలిచామా? ఒక్కటి తడబడినా బయటికే. అన్నీ సరిగ్గా చెప్పినా, కళ్లు తిరుగుతున్నాయంటే బయటికే. కబడ్డీలో బదులు ఆటగాళ్లను దింపే వీలు రూల్‌బుక్‌లోనే ఉంది, వాడుకోకపోవడానికి సాకు లేదు. బయటికి రావడానికి ఒప్పుకోని పిల్లలకు క్రికెటర్ జడేజా సంగతి చెబుతా. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా టీ20లో హెల్మెట్‌కు బంతి తగిలాక కూడా అతను బ్యాటింగ్ పూర్తి చేశాడు. అయినా ఫీల్డింగ్‌కు రానివ్వలేదు. బదులొచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి చెప్పాల్సినవి ఉన్నాయి. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని రాత్రంతా కూర్చోబెడతారు. డాక్టరు చూశాక నిద్రపోవచ్చు, ఒంటరిగా వదలకుండా ఉంటే చాలు. మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, పెరిగిపోతున్న తలనొప్పి, మాట ముద్దగా రావడం, లేపినా సరిగా లేవకపోవడం, వీటిలో ఏది కనబడినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. రెండు రోజులు సెల్‌ఫోన్ తగ్గించి, ఇంట్లో అటూ ఇటూ తిరిగితే సరిపోతుంది. బడికి మెల్లగా అలవాటు పడ్డాక పరుగు, ఆ తర్వాత ఎవరూ తగలకుండా ఫుట్‌వర్క్. మెట్టుమెట్టుకూ కనీసం ఒక రోజు. తలనొప్పి తిరగబెడితే మళ్లీ వెనక్కి. పట్టుల ప్రాక్టీసు డాక్టరు సరేనన్నాకే.

సంక్రాంతికి పోటీలు పెట్టే పెద్దలకు ఒక విన్నపం. టాస్ వేయకముందే మైకులో చెప్పించండి, తలకు దెబ్బ తగిలినట్టు అనుమానం వచ్చిన ఆటగాడు ఆ రోజుకు మళ్లీ కోర్టులో దిగడని. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఏ జట్టుకూ చెందని మనిషినొకరిని కోర్టు పక్కన కూర్చోబెట్టండి. ఆయన మాటకు ఎదురు చెప్పిన కోచ్ నేనైనా సరే, నా జట్టును పోటీ నుంచి తీసేయండి.