బాలు గొంతు ఏ గట్టుది?

మార్క్ ఆంటొనీ 1999లో తన పేరుతోనే ఒక ఇంగ్లీషు ఆల్బం తెచ్చినప్పుడు, సల్సా గాయకుడు ఇంగ్లీషులోకి దాటాడని అమెరికా పత్రికలు ఊదరగొట్టాయి. అతను పోర్టోరికో తల్లిదండ్రులకు న్యూయార్కులో పుట్టి పెరిగినవాడు. 1991లో లూయీ వేగాతో కలిసి చేసిన తొలి ఆల్బం ఇంగ్లీషుదే. స్పానిష్ సల్సా 1993లో ఎత్తుకున్నాడు. మరి ఏ గట్టు నుంచి ఏ గట్టుకు దాటినట్టు? ఇంట్లో తెలుగూ వీధిలో అరవమూ మాట్లాడే మన రాజపాళయం వాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు.

మనవాళ్లలో ఈ దాటడం అనగానే తలపుకొచ్చేది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 1946లో ఆయన పుట్టిన కోనేటమ్మపేట ఇవాళ తమిళనాడులోనే ఉంది. అయినా తమిళం ఆయనకు నేర్చుకోవలసిన భాషే అయింది. 1966లో కోదండపాణి సంగీతంలో తొలి తెలుగు పాట పాడిన కుర్రవాణ్ణి విని, గొంతు బాగుంది గానీ తమిళ ఉచ్చారణ నేర్చుకు రమ్మన్నారు ఎం.ఎస్. విశ్వనాథన్. నేర్చుకుని వెళ్లాడు. 1969లో 'అడిమైప్పెణ్', 'శాంతి నిలయం' వచ్చాయి. (ఆయన కంటే ముందే దాటిన విజయనగరం ఆడపడుచు పి. సుశీల, గాయనులకిచ్చే జాతీయ పురస్కారాన్ని మొట్టమొదట అందుకున్నది 1968 నాటి తమిళ సినిమా పాటకే. మనం ఆ మాట ఎంచేతో ఎక్కువగా చెప్పుకోం.)

నేర్చుకోవడమంటే ఏమిటి? తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. గొంతు అక్కడ కాస్త ఆగి సాగడానికి చోటుంటుంది. తమిళ మాట చాలాచోట్ల హల్లుతో తెగుతుంది. పైగా 'ఴ' ఒకటి. పాత తెలుగు శాసనాల్లో ఉండి మన నోట జారిపోయిన అక్షరం అది. బాలు తొలి తమిళ పాటల్లో హల్లు దగ్గర గొంతు కొంచెం జాగ్రత్తపడడం వినిపిస్తుంది. పదేళ్లు తిరిగేసరికి ఆ జాగ్రత్త మాయమై, తెగే మాట మీద కూడా చిన్న నవ్వో నిట్టూర్పో పెట్టగలిగాడు. నా మటుకు ఆయన గొప్పతనం 'శంకరాభరణం' గమకాల కంటే ఇందులోనే ఎక్కువ.

హిందీ కథ వేరు. 'మరోచరిత్ర' (1978)ను బాలచందర్ 1981లో 'ఏక్ దూజే కే లియే'గా తీసినప్పుడు, ఈ మద్రాసీ గొంతు పనికిరాదేమోనని లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సందేహించారు. నాయకుడు హిందీ సరిగా రాని తమిళుడే కదా, ఆ యాసే కావాలన్నారు బాలచందర్. జాతీయ పురస్కారమూ వచ్చింది. ఆ పాటల్లో పరాయి నేల మీద నిలబడ్డవాడి బెరుకు ఉంది. 'మైనే ప్యార్ కియా' (1989) నాటికి యాస నునుపుతేలింది, క్యాసెట్లు విరగబడి అమ్ముడుపోయాయి, కానీ ఆ గొంతులో మనిషి ఊరేదో తెలియడం మానేసింది. మార్క్ ఆంటొనీ కూడా 1999 నాటి తన పెద్ద ఇంగ్లీషు పాటను స్పానిష్‌లోనూ పాడాడు. రెండింటి కిందా లాటిన్ తాళాన్ని వదల్లేదు. అది తెలివైన పని.

నాలుగు భాషల్లో ఆరు జాతీయ పురస్కారాలు: తెలుగుకు మూడు, తమిళం, కన్నడం, హిందీలకు ఒక్కొక్కటి. 2020 సెప్టెంబరు 25న చెన్నైలో పోయినప్పుడు తమిళులు తమవాడు పోయాడని ఏడ్చారు. అందులో అబద్ధం లేదు. ఒకప్పుడు ఉచ్చారణ నేర్చుకు రమ్మనిపించుకున్న మనిషే 1996 నుంచి 'పాడుతా తీయగా'లో తెలుగు పిల్లల ఒత్తులు దిద్దుతూ కూర్చున్నాడు. మన ఇళ్లలో పిల్లలు 'ఴ' చక్కగా పలుకుతారు. భ, ధ దగ్గరే నాలుక తడబడుతుంది. బాలు తమిళ పాటలు వాళ్లకు కంఠతా వచ్చు. తెలుగువి ఎన్ని వచ్చో ఈ నెల ఎవరింట్లో వాళ్లు అడిగి చూడండి.