దైవఘాతమును ప్రేక్షకుడును: విశాఖ క్రీడారంగమున ఒక వర్షభంగము

రసవిఘ్నములను గూర్చి మన ఆలంకారికులు సూక్ష్మముగ విచారించినారు. అభినవగుప్తుడు వానిని ఏడుగ విభజించి, సహృదయుని ఆస్వాదమునకు అవి యెట్లు అడ్డుపడునో నిరూపించినాడు. అయితే ఆ యేడును ప్రయోగము సాగుచున్నదను ఊహపై నిలిచినవి. ప్రయోగమే ఆరంభము కానిచో, దూరమునుండి వచ్చిన ప్రేక్షకుని స్థితి యేమను ప్రశ్న వానిలో ఇమడదు. ఈ ప్రశ్నను నేడు నాటకశాలకంటె క్రీడారంగమే తఱచుగ ముందునకు తెచ్చుచున్నది. కావున 2012 సెప్టెంబరు 8వ తేదీన విశాఖపట్టణమున జరుగవలసియుండి, వర్షమువలన ఒక్క బంతియైనను పడకయే రద్దయిన భారత–న్యూజిలాండు ఇరవై ఓవర్ల క్రికెట్టు పోటీని లక్ష్యముగ గ్రహించి, ఈ విషయమును పరిశీలింపదలచితిమి.

క్రీడను నాట్యముతో పోల్చుట తగునా యని కొందఱు శంకింపవచ్చును. నాట్యము అనుకరణము, క్రీడ అట్టిది కాదు. నాటకమున ఫలాగమము కవికి ముందే తెలియును. క్రీడలో అది యెవ్వరికిని తెలియదు. ఈ భేదమును మేము కాదనుట లేదు. ఇచ్చట మాకు ప్రధానముగ ఆధారమైనది నాట్యశాస్త్రము ఇరువదియేడవ అధ్యాయమునందలి సిద్ధి-ఘాత విభాగము. అందు ప్రేక్షకులు గలరు. గుణదోషములను లెక్కించు ప్రాశ్నికులు గలరు. గెలిచినవారికి పతాక నొసగు సంప్రదాయమును గలదు. పోటీ యను భావము భరతునకు క్రొత్త కాదు.

ఇక లక్ష్యమునకు వత్తము. 1936లో ఇంగ్లండునకు వెళ్లిన భారత జట్టునకు నాయకుడై, విజ్జీ యను పేర ప్రసిద్ధుడైన విజయనగర రాజకుమారుడు ఈ ప్రాంతపు వంశమువాడే. అయినను ఈ ప్రాంతపు జనులు పెద్ద ఆటను కన్నులార చూడవలెనన్న విశాఖకు పోక తప్పదు. 2005 ఏప్రిల్ 5న పాకిస్థానుపై ధోని 148 పరుగులు చేసిన నాటినుండి మధురవాడ క్రీడారంగము ఉత్తరాంధ్రమునకు యాత్రాస్థలమువంటి దైనది. శ్రీకాకుళమునుండి బయలుదేరినవారు ఎచ్చెర్ల, రణస్థలము, పైడిభీమవరము, తగరపువలస, ఆనందపురములను దాటి సుమారు నూఱు కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. విజయనగరమువారికి త్రోవ కొంత తక్కువ. ఆశ మాత్రము తక్కువ కాదు.

ఆనాటి ఆశకు ప్రత్యేక కారణ మొకటి కలదు. క్యాన్సరు వ్యాధికి చికిత్స పొంది కోలుకొనిన యువరాజ్ సింగు తిరిగి భారత జట్టున ఆడవలసినది ఆ దినముననే. నాటక పరిభాషలో చెప్పవలెనన్న, అది నాయకుని పునఃప్రవేశము. గెలుపోటములకంటె, అతడు బ్యాటు చేతబట్టి రంగమున అడుగిడు దృశ్యమే ఆనాటి ప్రేక్షకునకు ప్రధానము. వర్షము హరించినది ఆ దృశ్యమును. మూడు దినముల పిమ్మట, సెప్టెంబరు 11న, చెన్నపట్టణమువారు దానిని చూచిరి. అతడు 34 పరుగులు చేసెను. భారత జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడెను. ఓడినను ఆ ప్రేక్షకులకు ప్రవేశము దక్కినది. విశాఖకు వచ్చినవారికి ఓటమియైనను దక్కలేదు.

ఇట్టి భంగమునకు శాస్త్రమున పేరు కలదు. గాలి, నిప్పు, వాన, ఏనుగు, పాము మొదలగువానివలన ప్రయోగమునకు కలుగు చెఱుపును భరతుడు దైవఘాతమనినాడు. ప్రాశ్నికులు దోషములను లెక్కించునపుడు దైవముచే కలిగినదానిని విడిచిపెట్టవలెననియు, నటుని స్వయంకృతమును మాత్రము వ్రాయవలెననియు ఆయన శాసనము. నేటి క్రికెట్టు నియమమును ఇంచుమించు ఇదియే: వానకు ఏ జట్టును బాధ్యము కాదు, ఫలితము లేదని వ్రాసి పుటను మూయుదురు. కొంత ఆట జరిగియున్నచో డక్వర్త్-లూయిస్-స్టెర్న్ లెక్కకు పని యుండును. ఒక్క బంతియు పడనిచోట లెక్కింపదగినదేమియు లేదు.

ఆటగాండ్రపట్ల ఈ తీర్పు న్యాయమైనది. ప్రేక్షకునిపట్ల అసంపూర్ణమైనది. ఏలయన, ఆట ఆరంభము కాకున్నను అతని భావములు ఆరంభమైనవి. వ్యభిచారిభావములలో ఔత్సుక్యము ప్రయాణముతోడనే ఉదయించినది. ఇరవై ఓవర్ల పోటీలో జట్టున కైదేసి ఓవర్లు సాగినను ఫలితము తేలవచ్చును గనుక, పట్టాలు కప్పిన పిచ్చిని అంపైర్లు పరీక్షించునంతసేపు ఆశ చావదు. తుదకు కలుగునది విషాదము. పూనిన కార్యము నెరవేఱకపోవుటవలనను, దైవోపహతివలనను విషాదము పుట్టునని భరతుడే చెప్పినాడు. విషాదమున ఉత్తములు ఉపాయమును చింతింతురనియు, అధములు నిద్రపోవుదురనియు ఆయన విభాగము. అర్ధరాత్రమున తిరుగు బస్సులో తడిసిన బట్టలతో కన్నుమూయువానిని అధమునిగ నెంచుటకు మేము అంగీకరింపజాలము. అప్పటికి అతనికి మిగిలిన ఉపాయ మేమున్నది? టిక్కెట్టు వెల మరల చేతికి వచ్చినను, త్రోవలో గడచిన ప్రొద్దు రాదు.

ఇట్లనుటవలన వర్షమే విరోధి యని భావింపరాదు. నాగావళీ వంశధారల ఆయకట్టులో వరి పెరుగు సెప్టెంబరు మాసమున వాన కోరదగినది. ఒకే వానకు చేనిలోని తండ్రి హర్షించును, క్రీడారంగమునందలి కుమారుడు విషాదమొందును. వాన స్వతః విఘ్నమును కాదు, విభావమును కాదు. చూచువాని స్థితినిబట్టి అది యేదైన నగును. ఈ విషాదమునకు హద్దును కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖయొద్ద తీరమును తాకెను. 14న జరుగవలసిన భారత–వెస్టిండీసు పోటీ రద్దయ్యెను. ఇండ్ల కప్పులెగిరి, చెట్లు కూలి, దీపములు లేని ఆ దినములలో ఆట పోయినదని చింతించుటకు తావే లేదు. 2012 నాటి వాన ఒక కోరికను మాత్రమే చెఱచినది. 2014 నాటిది జీవనమునే చెఱచినది. లెక్కలపుటలో మాత్రము రెండును జరుగని ఆటలే. ఆ పుట ఎంత చూడలేదో ఇందువలన తెలియుచున్నది.

ఇంకొక ఉదాహరణము. 2018 అక్టోబరు 24న అదే రంగమున భారత, వెస్టిండీసు జట్లు చెఱి 321 పరుగులు చేసి సమముగ నిలిచినవి. ఆనాడును గెలిచినవారు లేరు. కాని ప్రేక్షకుడు నిండు మనస్సుతో ఇల్లు చేరినాడు. కావున ప్రేక్షకుని తృప్తికి విజయము మూలము కాదు, ప్రయోగము మూలము. ప్రయోగము లేనినాడు అతనికి మిగులునది తాను వచ్చిన త్రోవయే.

మన క్రీడావిమర్శ సాధారణముగ పిచ్చియొద్ద మొదలై పిచ్చియొద్దనే ముగియుచున్నది. ప్రాశ్నికుని పుటకు అది చాలును. విమర్శకుని పుటకు చాలదు. దైవఘాతమును దోషపట్టికనుండి తొలగించుట ధర్మమే. దానితోపాటు ప్రేక్షకుని అనుభవమునుగూడ తొలగించుట ధర్మము కాదు. ఆట జరుగని దినమున, ఎచ్చటివారు ఎంత దూరము వచ్చి, ఎంత ప్రొద్దు వేచి, ఎట్లు మరలిరో వ్రాయుట విమర్శకునకు విధి. ఆ దినమున జరిగినది అదియే గనుక, వ్రాయదగినదియు అదియే.