ఓడ జాబితాలో పేరు, సంఘ రిజిస్టరులో పేరు: పూర్వీకుల అన్వేషణపై ఒక విమర్శ

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో బర్జిల్లయి వంశీకుల ప్రస్తావన ఉన్నది. వారి పూర్వీకుడొకడు భార్య పుట్టింటివారి పేరు పెట్టుకొన్నాడు. చెర నుండి తిరిగి వచ్చిన తరువాత ఆ వంశీకులు తమ వంశావళి కోసం వెదకగా అది దొరకలేదు, యాజకత్వమునకు దూరమయ్యారు (2:61-62). పేరు మారుటయే అందుకు కారణమని వచనము చెప్పుట లేదు. అయినను రెండు సంగతులు పక్కపక్కనే వ్రాయబడుట గమనార్హము. మన సంఘముల జూబిలీ సంచికలలోను, కుటుంబ చరిత్రలలోను పాత కాగితములో పేరు కుదిరితే చాలు, పూర్వీకుడు దొరికాడనుకొనే ధోరణి కనబడుచున్నది. దానిని మేమిక్కడ పరీక్షింపదలచితిమి.

ఈ చిక్కును ఎంతో ఓపికగా ఎదుర్కొన్నవారిలో అమెరికాలోని జర్మను సంతతివారు ఒకరు. బ్రిటిషు పాలనలోని పెన్సిల్వేనియాలో 1727 నుండి ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మను పురుషులచేత, పదునారేండ్లు నిండినవారైతే, రాజభక్తి ప్రమాణము చేయించేవారు. ఓడ కెప్టెను ఇచ్చిన జాబితా ఒకటి, ప్రమాణములకు చేసిన సంతకముల జాబితాలు రెండు. స్ట్రాస్‌బర్గరు, హింకె అను వారు వీటిని 1934లో మూడు సంపుటములుగా ప్రచురించారు. హింకె ఆబర్న్ సెమినరీలో ఆచార్యుడు; మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనదగును. వీరు చేసిన గొప్ప పని ఏమంటే, మూడు జాబితాలను కలిపి ఒకటి చేయక వేర్వేరుగా అచ్చువేసి, సంతకముల ప్రతిరూపములను కూడా చేర్చుట. కెప్టెను జాబితా చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసినది. సంతకము ఆ మనిషి సొంత చేతివ్రాత. ఈ రెంటి నడుమ ఎంత దూరమో చదువరి కన్నే చెప్పును.

అయితే ఆ జాబితాలలో స్వగ్రామము సాధారణంగా ఉండదు, స్త్రీల పేర్లు బహు అరుదు. పైగా జర్మను బాలురలో అనేకులకు మొదటి పేరు యోహానే. కనుక "యోహాన్ మ్యూలర్" దొరికెనని సంతోషించువాడు వాస్తవానికి ఏమీ కనుగొనలేదు. అనెట్ బర్గర్ట్ అను పరిశోధకురాలు 1983లో ప్రచురించిన ఉత్తర క్రైఖ్‌గౌ వలసదారుల గ్రంథములో దారిని తిరగవేశారు. ఓడ నుండి ఊరికి గాక, ఊరి సంఘపు రిజిస్టరు నుండి ఓడకు వచ్చారు. ఫలానా కుటుంబము పెన్సిల్వేనియాకు పోయెనని ఆ ఊరి పాస్టరు అంచున వ్రాసిన మాట, అదే ఓడలో పొరుగువారి పేర్లు, ఆవలి ఒడ్డున బిడ్డల బాప్తిస్మములో జ్ఞాన తలిదండ్రులుగా నిలిచినవారి పేర్లు: ఇన్ని కుదిరితేనే అది నమ్మదగిన సాక్ష్యము. సంచార పాస్టరు స్టోవర్ 1730 నుండి 1779 వరకు వ్రాసిన బాప్తిస్మపు రిజిస్టరు లేకుంటే ఎన్ని కుటుంబముల దారి మధ్యలోనే తెగిపోయేదో!

మన తెలుగువారికి దీనికి దగ్గరి ఉదాహరణ నేటాల్. 1860 నుండి 1911 వరకు మద్రాసు, కలకత్తాల నుండి లక్షన్నరకు పైగా ఒప్పంద కూలీలు అక్కడికి వెళ్లారు. ఆ ఓడ జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, స్త్రీల వివరములు కూడా ఉన్నవి. జర్మనువారి జాబితా కంటె ఇది ఎంతో సమృద్ధమైనది. సురేంద్ర భానా 1991లో వీటిని లెక్కకట్టి వ్రాసిన గ్రంథము విలువైనదే. కాని జనసమూహమునకు పనికివచ్చు పట్టిక ఒక్క మనిషిని గుర్తించుటకు చాలదు. ఇక నెల్లూరు నుండి 1903లో వెళ్లిన జాన్ రంగయ్య కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించారు. బాప్టిస్టులలో శిశు బాప్తిస్మము లేదు గనుక, బర్గర్ట్ ఆధారపడిన జ్ఞాన తలిదండ్రుల జాడ అక్కడ దొరకదు.

కనగానపల్లి నుండి 1870లలో ఒక కూలీ వెళ్లెననుకొందము. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడినది. అంతకు ముందు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. 2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లా. జాబితాలో "బళ్లారి" అని చూచి మునిమనుమడు బళ్లారి పట్టణములో వెదకితే ప్రయోజనమేమి? ఊరి పేరును మద్రాసు గుమాస్తా ఇంగ్లీషులో తనకు తోచినట్లు వ్రాసి ఉండును. ఊరిలోని రెవెన్యూ లెక్కలలో పట్టాదారులే కనబడుదురు, భూమిలేనివారు కనబడరు. అట్టి కుటుంబములలో ఊరిలో మిగిలిన తమ్ముడు తరువాతి కాలములో బాప్తిస్మము పొంది ఉంటే, ఆ కుటుంబము పేరు, తండ్రి పేరు, ఊరు ఒకే వరుసలో వ్రాయబడిన మొదటి కాగితము బహుశా ఆ రిజిస్టరే. ఎల్లప్ప యోసేపు అయినాడు. పాస్టరు "యోసేపు" అని మాత్రమే వ్రాసి, పాత పేరును, తండ్రి పేరును విడిచిపెడితే నేటాల్‌లోని అన్నకు ఇక్కడి తమ్ముడు దొరకడు. తండ్రి పేరొక్కటి ఉన్నా ఆశ ఉన్నది, ఏలయనగా ఓడ జాబితాలో అదే ఉన్నది.

అట్లని పాత పేరు వ్రాయని పాస్టరులందరిని నిందించుట మా ఉద్దేశము కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు హిందువులకే ఉండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. అందుచేత పాత పేరు, కొత్త పేరు ఒకే వరుసలో ఉన్న రిజిస్టరు బిడ్డల ధ్రువపత్రమునకు ముప్పు కావచ్చునని భయపడి, "మా పేరు వ్రాయవద్దు అయ్యగారూ" అని అడుగు కుటుంబములు ఉన్నవి. బర్గర్ట్ పద్ధతిని మన గ్రామములకు యథాతథముగా తెచ్చుకొనగోరువారు లెక్కలోనికి తీసుకొనవలసిన తేడా ఇదియే: వంశమును కలుపగల ఆ వరుసను వ్రాయవద్దని ఇక్కడ ఆ వంశమువారే కోరుచున్నారు.