పొలుసుల మీది పట్టీ

అమెరికాలో నున్న మా మేనల్లుడు ముద్దుగా పెంచుకొనుచున్న బాల్ పైథాన్ అను పామునకు శస్త్రచికిత్స జరుగగా, నొప్పి తెలియకుండుటకై ఫెంటనిల్ పట్టీ నంటింపుడని తానెంత వేడినను వైద్యుడు సమ్మతింపక చర్మము క్రింద సూదియే వేసెనని వ్రాసిన ఉత్తరము ఈ వారము నాకు మిక్కిలి కోపము తెప్పించినది. నోరులేని జీవికి సూదికంటె పూతయే దయ యని ఈ శీర్షికలో నేనెన్నిమార్లు వాదించితినో చదువరులకు తెలియును.

ఆ విశ్వాసము నాకు మా నాయనగారి పశువులకొట్టములో కలిగినది. కాడి యొరపిడికి ఎద్దు మెడపై పుండు పడినప్పుడు, సాయంకాలము పొలమునుండి రాగానే ఆయన గోరువెచ్చని నీట దానిని కడిగి, వ్రేలికొనతో వేపనూనె పూయుచు, "ఓర్చుకోరా నాయనా, అయిపోయింది" అని చంటిబిడ్డతో వలె మాటాడుచుండగా, తన్నుటకు ఊరెల్ల పేరుపడిన మా మైల ఎద్దు మెడ వంచి కదలక నిలుచుండెడిది. ఆ నిలుచుండిన తీరే నాకు తొలి వైద్యపాఠము.

కాని ఆ నూనె పనిచేసినది చర్మము చిట్లిన చోట. కాలిన పాము మేనికి నేడు సిల్వర్ సల్ఫడయజీన్ పూయుటయు అట్టిదే. చెక్కుచెదరని చర్మమును దాటి మందు నెత్తుట కలియుట వేరు విషయము. కెరటిన్ పొలుసులును, ఒంటిలోని తేమ ఆవిరి గాకుండ కాచు క్రొవ్వుపొరలును గల పాము చర్మము మందును రానీయదు గావున వైద్యుడు నిరాకరించెనేమో యని తలచి విచారింపగా, జరిగినది వేరు. 2017లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఈ జాతి పాములకంటించిన పట్టీనుండి ఫెంటనిల్ నెత్తుటిలోనికి చేరనే చేరినది, ఊపిరి మందగించినది, అయినను వేడి సోకినప్పుడు అవి దేహమును వెనుకకు లాగుకొను వ్యవధి పెరుగలేదు, అనగా నొప్పి తగ్గిన జాడ లేదు. మరుసటి ఏట వెలువడిన పరిశోధనలో డెక్స్‌మెడెటొమిడిన్ అను వేరొక మందును చర్మము క్రింద సూదితో నెక్కింపగా, ఊపిరి నెమ్మదించినను, ఆ వ్యవధి పెరిగినది.

పట్టీలో నేను చూచిన దయ చూచువానికే గాని పామునకు దక్కునది కాదు. ఆ వైద్యుడు చేసినదే సరి. ఆయనకు నా నమస్కారము తెలుపుమని మేనల్లునికి వ్రాసితిని.

సరీసృపములను పెంచు చదువరులకొక మనవి. మనుష్యులకు వ్రాసియిచ్చిన పట్టీని, వాడి తీసివేసినదైనను, వానికి అంటింపకుడు. వాడిన పట్టీలోను మందు మిగిలియుండును. వేడి తగిలినచో అది మరింత వేగముగ వెలువడును.