రెండు, ఏడు, ఏడు

వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివ్డీలో 12. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టిన బీడీడీ చాళ్ల లెక్క ఇది. అంతస్తుకు 20 చొప్పున ఒక్కో చాల్‌లో 80 ఖోలీలు, అంటే గదులు. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. మిల్లు పనికొచ్చిన మన పద్మశాలీలు ఎందరో వర్లీ వైపు సర్దుకున్నారు. మా మేనమామ ఇల్లూ అక్కడే. యూనిక్స్ యంత్రాల మధ్య జీతం సంపాదించినవాణ్ణి కాబట్టి ఈ అంకెల్లో నాకు సబ్‌నెట్లు కనబడతాయి. వృత్తిరోగం అనుకోండి.

నాలుగు చోట్లకు రెండు బిట్లు చాలు. 121 చాళ్లకు ఏడు కావాలి, ఏడు బిట్లతో 128 దాకా లెక్కపెట్టొచ్చు. 80 ఖోలీలకూ ఏడే. మొత్తం 16. పాతకాలపు క్లాస్ బి నెట్‌వర్క్ తీసుకుంటే మన చేతికొచ్చేవి సరిగ్గా ఆ 16 బిట్లే!

1985 ఆగస్టులో మోగుల్, పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 950 ఒకే నెట్‌వర్క్‌ను ఇలా సబ్‌నెట్లుగా విడగొట్టే పనికి పద్ధతి ఏర్పరచింది. అంతకుముందు సంస్థలో ఎన్ని కేబుళ్లుంటే అన్ని నెట్‌వర్క్ నంబర్లు అడగాల్సి వచ్చేది, లేదా ఎవరికివారు ఏదో ఒక ఉపాయం పన్నుకునేవారు. ఆ పద్ధతికి ఉదాహరణగా మన దేశంలో 1986లో మొదలైన విద్యా, పరిశోధనా నెట్‌వర్క్ ఎర్నెట్‌నే చూడండి. జుహూలోని ఎన్‌సీఎస్‌టీ, ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ అందులో ఉన్నాయి. ఎర్నెట్‌కు దక్కిన 144.16 అనే ఒకే క్లాస్ బిని ముక్కలు చేసి ఊరూరి సంస్థలకు పంచారు. బయటి ప్రపంచానికి అదంతా ఒకే నెట్‌వర్క్.

మాస్క్ అనేది చాల్ నంబరు ఎక్కడ ముగిసి ఖోలీ నంబరు ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత. మన లెక్కలో అది 255.255.255.128. పక్క ఖోలీవాణ్ణి పిలవాలంటే గ్యాలరీలో నిలబడి కేకేస్తే చాలు. ఇంకో చాల్‌కి కబురంపాలంటే గేటు దగ్గరి రౌటర్‌కి ఇవ్వాలి. కేకా, గేటా అన్నది ప్రతి యంత్రం ఆ గీతను చూసే తేల్చుకుంటుంది. ఒక్క యంత్రంలో చివరి 128 బదులు 0 పడిందా, అది పక్క చాల్‌నీ తన గ్యాలరీ అనుకుని కేకలేస్తూ కూర్చుంటుంది. జవాబు రాదు. ఇంకా దారుణం, జవాబు రావడం. రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ ఉంటే అదే అందరి తరఫునా పలికేస్తుంది. తప్పు నెలల తరబడి దాగి, రౌటర్ మార్చిన రోజున బయటపడుతుంది. కొత్త చోట అడుగుపెట్టగానే ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో ప్రతి యంత్రం మాస్కూ చూడాలనే నా చాదస్తం అందుకే.

సరే, రెండు-ఏడు-ఏడు అందంగా ఉంది. కానీ దుబారా. శివ్డీలో ఉన్న 12 చాళ్లకూ 128 చోట్లు కట్టబెట్టాం. ఉన్న ఖోలీలు 16,560 అయితే చిరునామాలు 65,536. బీఎస్‌డీ యూనిక్స్‌లో రౌటెడ్ నడిపిన పాత రౌటింగ్ ప్రోటోకాల్ రిప్, దారితోపాటు మాస్క్‌ని మోసుకెళ్లేది కాదు కాబట్టి అన్ని చోట్లా ఒకే కొలత పాటించక తప్పేది కాదు. ఓఎస్‌పీఎఫ్, రెండో రిప్ వచ్చాక ఆ పీడ వదిలింది. ఇప్పుడు వర్లీకి 128 చాళ్ల చోటు, నాయ్‌గావ్‌కి 64, జోషీ మార్గ్‌కి 32, శివ్డీకి 16 ఇవ్వొచ్చు. పెద్దదాన్ని ముందు పెట్టి వరసగా పేర్చాలి. మొత్తం 240 చోట్లు, క్లాస్ బిలో సగానికి లోపే. ఒక్కో సైట్ గురించి బయటికి చెప్పాల్సింది ఒక్క దారే.

జోషీ మార్గ్ దగ్గర మాత్రం నా చెయ్యి ఆగుతుంది. 32కి 32. ఇంకొక్క భవనం లేస్తే ఎక్కడ పెడతాం? 64 ఇద్దామంటే మొత్తం 272 అయి సగం దాటిపోతుంది. నేనైతే దాటనిస్తాను. చిరునామాలు పొదుపు చేసినందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు. నంబర్లు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరూ తిట్టారు.

నిజానికి మాకు దొరికే నెట్‌వర్కులు బీడీడీలా గీతగీసి కట్టినవి కావు, కామాఠీపురాలాంటివి. 18వ శతాబ్దం చివరినుంచీ తెలుగు కూలీలు వచ్చి నిలిచిన చోటది. గల్లీలకు వరస నంబర్లున్నాయి గానీ, లోపలి ఇళ్లు మనుషులు వచ్చినకొద్దీ పెరిగినవే. అలాంటిచోట గీత శాఖల వారీగా గీయమంటారు మేనేజర్లు: అకౌంట్స్‌కి ఒకటి, అమ్మకాలకి ఒకటి. శాఖలు ఏడాదికోసారి కలుస్తాయి, చీలుతాయి. గోడ కదలదు. గోడను బట్టే గీయాలి.

గోడలూ కదులుతున్నాయి కదా అంటారా? నిజమే. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీవాసుల్లో 556 కుటుంబాలకు 40 అంతస్తుల టవర్లలో తాళాలిచ్చారు. పైగా ఇంటికొక్క చిరునామా ఇప్పుడు ఏ మూలకి? ఇంటికి ఐదు ఫోన్లనుకున్నా చాల్‌కి 400, అంటే తొమ్మిది బిట్లు. వర్లీ ఒక్కటే క్లాస్ బి మొత్తం మింగేస్తుంది. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రైవేటు వాడకానికి వదిలిన 10తో మొదలయ్యే నెట్‌వర్క్‌లో 24 బిట్లున్నాయి. రెండు, ఏడు, తొమ్మిది పోను ఆరు మిగులు. వాటిని కుడివైపు చేర్చి సబ్‌నెట్లను పెంచమనేవాళ్లున్నారు. నేను చేర్చను, పెద్ద సబ్‌నెట్‌లో ప్రతి కేకా వేలమంది చెవిన పడుతుంది. ఆరూ ఎడమవైపే, కొత్త సైట్లకే పోవాలి. భివండీ మరమగ్గాల దగ్గరా మనవాళ్లున్నారు మరి.