అరచేతి కొలతకు చెక్కిన పిస్టల్

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ వైపు ఉన్న షూటింగ్ రేంజ్‌లో ఎవరైనా కొత్త ఎయిర్ పిస్టల్ పెట్టె తెరిస్తే, చూడవచ్చినవాళ్ల కన్ను గొట్టం మీద నిలవదు. మొదట గ్రిప్ దగ్గరికే పోతుంది. ఏ కంపెనీది, ఎంతకు కొన్నావు అన్న మాటలు తర్వాత. చేతికి కుదిరిందా అన్నదే తొలి ప్రశ్న. ఆ ప్రశ్నలోనే ఈ పనితనమంతా ఉంది.

మ్యాచ్ పిస్టల్ గ్రిప్ సాధారణంగా వాల్‌నట్ చెక్కతో చేస్తారు. కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. అందులోనూ చిన్న, మధ్య, పెద్ద సైజులు. కానీ ఫ్యాక్టరీ సైజు సగం పనే. మిగతా సగం షూటర్ చేతిలో ఆకురాయితో, ఎమరీ పేపర్‌తో, వుడ్ పుట్టీతో జరుగుతుంది. బొటనవేలి కింద ఒత్తుకుంటే అక్కడ అరగదీస్తారు. అరచేతి గుంటలో ఖాళీ మిగిలితే పుట్టీ నింపి, ఆరాక మళ్లీ చెక్కుతారు. చేతి అడుగున ఆనే బల్లను స్క్రూ తిప్పి పైకీ కిందికీ జరుపుతారు. మణికట్టుకు మాత్రం ఆసరా ఇవ్వకూడదన్నది నియమం.

ఇంత శ్రమ ఎందుకంటే, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి, తిరిగి తెరిచేసరికి ముందు సైటు వెనక గాడి మధ్యలో దానంతటదే నిలవాలి. మణికట్టు తిప్పి సరిచేయాల్సి వస్తే ఆ గ్రిప్ ఇంకా కుదరనట్టే. మ్యాచ్‌లో 75 నిమిషాల్లో 60 గుళ్లు పేల్చాలి. మొదటి పది గుళ్లలో తెలియని చిన్న తేడా, చెయ్యి అలిసిన నలభయ్యో గుండు దగ్గర బయటపడుతుంది.

నియమాల గిరి కూడా చిన్నదే. పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు, 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. ఆ హద్దుల లోపల తయారీదారులు చూపిన తెలివి అబ్బురపరుస్తుంది. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే, లోపలి రెగ్యులేటర్ దాన్ని తగ్గించి ప్రతి గుండుకూ ఒకే మోతాదులో అందిస్తుంది. అందుకే మొదటి గుండు వేగమే చివరి గుండుకూ ఉంటుంది. కొన్ని పిస్టళ్లలో గుండు వెళ్లే క్షణాన లోపల ఒక చిన్న బరువు కదిలి, ఆ కాస్త కుదుపునూ మింగేస్తుంది. స్విట్జర్లాండ్ కంపెనీ మోరిని తన సీఎం 162 ఈఐ మోడల్‌లో ట్రిగ్గర్‌నే ఎలక్ట్రానిక్ చేసింది.

రైఫిల్‌ది మరో లెక్క. పది మీటర్ల దూరాన పది పాయింట్ల చోటు అర మిల్లీమీటరు చుక్క. దాన్ని కొట్టాలంటే ఒళ్లూ తుపాకీ ఒకటై నిలబడాలి. అందుకే ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ వంటి కంపెనీల అల్యూమినియం స్టాక్‌లో చెంప ఆనే పలక, భుజానికి ఆనే బట్ ప్లేట్, చేతి గ్రిప్ అన్నీ విడివిడిగా జరుగుతాయి. బరువు పలకలు తగిలించి తూకం ముందుకో వెనక్కో మార్చుకుంటారు. మొత్తం 5.5 కిలోలు దాటకూడదు. మహారాష్ట్రలోని ప్రెసిహోల్ మన దేశంలోనే మ్యాచ్ రైఫిళ్లు చేస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది పెద్ద ఊరట.

పెల్లెట్ దగ్గరా అదే పట్టింపు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లలో తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని తేడాలుంటాయి. తుపాకీని బిగించి, ఒక్కో బ్యాచ్‌తో వరసగా కాల్చి, తన గొట్టానికి ఏది ఒకే చోట గుమిగూడుతుందో చూసుకుని ఆ బ్యాచ్ డబ్బాలే కొనిపెట్టుకుంటారు.

ఈ శ్రద్ధ ఫలితం హైదరాబాద్ చూసింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచాడు. చిన్నప్పుడు గచ్చిబౌలి రేంజ్‌లో ఈ ఆటను చూసి ఇష్టపడిన ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్లకే ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

ఐటీ కొలువుల మధ్య తీరిక చేసుకుని ఈ ఆటలోకి రావాలనుకునేవాళ్లకు ఒక్క మాట. 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉండి, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అయినా ముందు రేంజ్‌కు వెళ్లి, కోచ్ పర్యవేక్షణలో అక్కడి తుపాకీతో నేర్చుకోండి. సొంతది కొన్నాక ఖరీదైన హంగులకు డబ్బు పెట్టకముందు, గ్రిప్‌ను మీ చేతికి కుదుర్చుకోండి. స్కోరు పెంచే మొదటి మార్పు అదే.