ఉదంకుని నాగస్తుతి - భక్తియా? బాకీయా?

పురాతన మహాసర్పాలను దేవతలుగా కొలిచే మతాలు కల్పిత లోకాల కథల్లో ఇప్పుడు విరివిగా కనిపిస్తున్నాయి. 2011లో వెలువడిన ‘స్కైరిమ్’ అనే కంప్యూటర్ ఆట ఇందుకొక ఉదాహరణ. ఆ లోకంలో ఒకప్పుడు డ్రాగన్లే దేవతలు. వాటి పేరు చెప్పి పూజారులు జనాన్ని ఏలారు, జనం తిరగబడ్డారు, ఆ మతం కూలిపోయింది. చాలాకాలం తరవాత డ్రాగన్లు మళ్ళీ లేస్తే ఆటలోని వీరుడు వాటిని ఒక్కొక్కటిగా చంపి, వాటి ఆత్మలను తనలో కలుపుకొని బలం పెంచుకొంటాడు. కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకొంటూ పెరిగిన మన విద్యార్థులకు ఇటువంటి కథలు కొత్తవి కావు. అలాంటి కల్పన మన సాహిత్యంలో ఉందా అన్న సందేహం వారికి కలగడం సహజం. ఉంది అనే మా సమాధానం. దానికోసం ఎక్కడో వెతకనక్కరలేదు. తెలుగులో తొలి కావ్యమని మనం చెప్పుకొనే నన్నయ భారతంలో, అదీ ఆదిపర్వం తొలి కథల్లోనే ఉంది.

డ్రాగన్‌ను నాగుతో పోల్చడం సబబేనా అన్న ప్రశ్న ముందుగా తీర్చుకోవాలి. రెక్కలు, నిప్పులు కక్కే నోరు తరవాతి కాలపు చిత్రకారులు, కథకులు తగిలించినవి. ఆ మాటకు మూలమైన గ్రీకు ‘ద్రాకోన్’ పెద్ద పామునే చెబుతుంది. నిధులకు కావలి ఉండడం, నేల అడుగున లోకం కట్టుకొని బతకడం, వరమూ శాపమూ రెండూ ఇవ్వగలగడం ఇద్దరికీ సమానం. కాబట్టి పోలిక న్యాయమైనదే.

ఇక కథ. ఉదంకుడు గురుపత్ని కోరిక మీద పౌష్య మహారాజు భార్య కుండలాలు అడిగి తెస్తుంటాడు. దారిలో తక్షకుడు నగ్న సన్న్యాసి వేషంలో వచ్చి వాటిని అపహరించి, బిలంలోకి దూరి పాతాళానికి పోతాడు. ఉదంకుడు వెంటబడి నాగలోకం చేరుతాడు. అక్కడ అతడు చేసిన స్తుతే ప్రసిద్ధమైన నాలుగు పద్యాలు. అనంతుడితో మొదలుపెట్టి వాసుకిని, ఐరావతకులపు నాగులను, తక్షకుణ్ణి పేరుపేరునా కీర్తించి, ప్రతి పద్యాన్నీ తమపట్ల ప్రసన్నులు కావాలన్న ఒకే కోరికతో ముగిస్తాడు. ఈ నాలుగింటిని కథనుంచి విడదీసి కంఠస్థం చేస్తే అవి నిండైన భక్తిపద్యాలుగానే వినిపిస్తాయి. ఆ ధార, ఆ సమాసాల బరువు చెవికి అలాంటి అనుభూతినే ఇస్తాయి. కథలో పెట్టి చదివినప్పుడు మాత్రం అర్థం మారుతుంది. ఇక్కడ భక్తుడు సొమ్ము పోగొట్టుకొన్నవాడు. దేవతల్లో ఒకడు ఆ సొమ్ము దొంగిలించినవాడు. ఆ దొంగనే ఉదంకుడు శూరుడని పొగుడుతున్నాడు. గడువులోగా కుండలాలు చేర్చకపోతే గురుపత్ని ముందు మాట పోతుంది. ఇది మోక్షం కోరే ప్రార్థన కాదు. మొండి బాకీ వసూలుకు వెళ్ళినవాడు ముందుగా ఆడే మంచిమాట.

బాకీ అన్న మాటను మేము కావాలనే వాడుతున్నాం. విరుదునగర్ అంగళ్ళలో మిరపకాయలు, పప్పుధాన్యాలు, నూనెలు కొని అమ్మేవారికి ఈ మాట తెలుగులో చెప్పినా తమిళంలో చెప్పినా ఒకటే. ఇచ్చిపుచ్చుకోవడంలో తేలకుండా మిగిలిపోయినది బాకీ. నాగదేవతల మతాన్ని భయం పుట్టించిన మతమని తేల్చివేయడం చాలామందికి అలవాటు. పామంటే భయం ఉన్నమాట నిజమే. కాని భయమొక్కటే అయితే దూరంగా పారిపోతే సరిపోతుంది. దగ్గరకు పోయి పుట్టలో పాలు పోయనక్కరలేదు. కార్తిక శుద్ధ చవితినాడు పుట్ట దగ్గర తెలుగు ఇల్లాలు చేసే వేడికోలును గమనించండి. పొరపాటున మావాళ్ళు తొక్కినా కాటు వేయవద్దని ఆమె అడుగుతుంది. పాలు, చలిమిడి సమర్పిస్తుంది. ఇది ఇరుగుపొరుగుల మధ్య ఒప్పందం వంటిది. పొలం మనదీ, పాముదీ కూడా అన్న ఎరుక అందులో ఉంది.

నన్నయ కథలో ఈ ఒప్పందం కుదరలేదు. స్తుతి విని నాగులు కుండలాలు తెచ్చి ఇవ్వలేదు. ఉదంకుడికి అక్కడ తెల్లని, నల్లని దారాలతో వస్త్రం నేస్తున్న ఇద్దరు స్త్రీలు, ఆరుగురు కుమారులు తిప్పుతున్న పన్నెండు ఆకుల చక్రం, గొప్ప గుర్రం నెక్కిన ఒక దివ్యపురుషుడు కనిపిస్తారు. అతణ్ణి స్తుతించి, నాగకులమంతా తన వశం కావాలని ఉదంకుడు కోరుతాడు. ఆయన చెప్పినట్లు గుర్రంలోకి ఊదగానే మంటలు లేచి నాగలోకాన్ని కమ్ముకొంటాయి. అప్పుడుగాని తక్షకుడు కుండలాలు తెచ్చి ఇవ్వడు. దారాలు పగలూ రాత్రీ అని, చక్రం సంవత్సరమని, కుమారులు ఋతువులని, దివ్యపురుషుడు ఇంద్రుడని, గుర్రం అగ్ని అని తరవాత గురువు విడమర్చి చెబుతాడు. స్తుతికి లొంగనివాళ్ళు పొగకు లొంగారు. పొగడ్త పద్యాలు ముగిసిన కొద్దిసేపటికే భక్తుడు తన దేవతల ఇంటికి నిప్పు పెట్టాడన్నమాట. కుండలాలు చేతికి వచ్చాక కూడా అతని కోపం చల్లారదు. జనమేజయుడి దగ్గరకు వెళ్ళి, తనకు జరిగిన అపకారాన్నీ రాజు తండ్రి పరీక్షిత్తు మరణాన్నీ జతచేసి సర్పయాగానికి పురికొల్పుతాడు. వసూలైన బాకీకి మళ్ళీ వడ్డీ కట్టమనడమే ఇది. ఒక్క తక్షకుడి నేరానికి నాగకులమంతా కాలాలన్న న్యాయానికి దారి తీసినవాడు, ఆ కులాన్ని అంత గొప్పగా స్తుతించినవాడే.

అయితే బాకీ ఒకవైపే ఉందా? స్తుతిలోనే దీనికి సమాధానం ఉంది. తక్షకుణ్ణి కీర్తించేటప్పుడు అతని వెంట అశ్వసేనుడు ఉన్నాడని నన్నయ చెబుతాడు. అశ్వసేనుడు తక్షకుడి కొడుకు. ఖాండవ దహనంలో తల్లి అర్జునుడి బాణానికి చనిపోగా ప్రాణాలతో బయటపడ్డవాడు. అర్జునుడు జనమేజయుడికి ముత్తాత. అంటే, మనుషులు నాగులకు పడిన బాకీ పేరు కూడా ఆ పద్యంలోనే నమోదై ఉంది. సర్పయాగపు మంటతో మొదలైన ఆదిపర్వం ఖాండవపు మంటతో ముగుస్తుంది. చివర జరిగినదాన్ని చదివాకగాని మొదట చదివిన స్తుతి పూర్తిగా అర్థం కాదు. ఈ రెండు మంటల మధ్య ఆ పద్యాలను పెట్టి చదవమని మా సూచన.

ఇప్పుడు మన విద్యార్థుల సొంత నేలకు వద్దాం. ఇక్కడ వారికి దొరికే సాక్ష్యం రాజమహేంద్రవరంలో చదువుకొనేవారికి దొరకదు. కోవిల్పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉంది. అక్కడి కొండబండ మీద ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి జైనశిల్పాలు వరుసగా ఉన్నాయి. అంటే నన్నయకు రెండు మూడు వందల ఏళ్ళు ముందటివి. వాటిలో పార్శ్వనాథుడి శిల్పం ఒకటి. పైనుంచి కమఠుడు బండ ఎత్తి వేయబోతున్నాడు. ధరణేంద్రుడు పడగలు విప్పి తీర్థంకరుడికి కాపు కాస్తున్నాడు. ఆ కాపుకు కారణం జైనకథ చెబుతుంది. పార్శ్వుడు రాకుమారుడుగా ఉన్నప్పుడు, మండుతున్న దుంగలో చిక్కుకొన్న పాముల జంట పట్ల దయ చూపాడు. ఆ జంటే ధరణేంద్రుడు, పద్మావతిగా పుట్టి అతణ్ణి రక్షించింది.

భారతకథను ఈ శిల్పం పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ నిప్పు ఉంది, నిప్పులో పాము ఉంది. ఒకచోట మనిషి పామును ఆదుకొన్నాడు, పాము గొడుగై నిలిచింది. ఇంకొకచోట మనిషి పామును కాల్చాడు, పాము కాటై తిరిగి వచ్చింది. మరొక సంగతి కూడా ఆలోచించదగ్గది. తక్షకుడు దొంగతనానికి ఎంచుకొన్నది సంస్కృత మూలంలో నగ్నశ్రమణుడి వేషం. కళుగుమలైలో పాము పడగ పట్టింది అటువంటి నగ్నశ్రమణుడికే. ఒక మతం కథలో దొంగవేషమైనది మరొక మతం శిల్పంలో పూజ్యరూపం. ఏ వేషం ఎవరికి దొంగవేషంగా తోస్తుందో గమనించడం విమర్శకుడి మొదటి పని. నన్నయ జైనులను నిందించాడని దీనిమీద తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. వేషం మూలంలోనే ఉంది. మూలంలో ఉన్నదాన్ని ఊరకే దాటిపోకూడదన్నదే మా మాట.

మూడో సాక్ష్యం శంకరన్‌కోవిల్. 2019 దాకా తిరునెల్వేలి జిల్లాలోనూ, ఆ తరవాత తెన్‌కాశి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరి స్థలపురాణంలో శంఖుడు, పద్ముడు అనే ఇద్దరు నాగరాజులు ఉన్నారు. ఒకరు శివభక్తుడు, ఇంకొకరు విష్ణుభక్తుడు. ఎవరి దేవుడు గొప్ప అని వాదించుకొని అమ్మవారి దగ్గరకు వెళ్తారు. ఆమె తపస్సు చేయగా స్వామి సగం హరుడు, సగం హరి అయిన శంకరనారాయణుడుగా దర్శనమిస్తాడు. ఆడి మాసంలో జరిగే తపసు ఉత్సవం దీన్నే గుర్తు చేస్తుంది. నన్నయ స్తుతిలో కూడా అనంతుడు విష్ణువుకు శయ్య, వాసుకి శివుడికి భూషణం. అక్కడ పక్కపక్క పద్యాల్లో విడిగా నిలబడిన జత, ఇక్కడ ఒకే గర్భగుడి ముందు చేరి తగాదా తీర్చుకొంది. ఇక్కడి నాగులు దేవతలు కారు, భక్తులు. ఆ గుడి ప్రసాదం పుట్టమన్ను. భక్తులు దాన్ని చర్మవ్యాధులకు మందుగా నమ్మి ఒంటికి రాసుకొంటారు. తెలుగులో పుట్ట, తమిళంలో పుట్రు. తెలుగులో పాము, తమిళంలో పాంబు. ఈ మాటల చుట్టరికం నిఘంటువు చూడకుండానే చెవికి తెలిసినవాడు మన విద్యార్థి.

మళ్ళీ మొదటి ప్రశ్నకు వస్తే, స్కైరిమ్‌కూ ఆదిపర్వానికీ ఉన్న భేదం ఇప్పుడు స్పష్టం. అక్కడ పాత దేవతలను చంపడం వీరుడి గెలుపు. ఇక్కడ కూడా అటువంటి సంహారం తలపెట్టారు, మంత్రాలు చదివారు, పాములు వచ్చి గుండంలో పడ్డాయి. కాని కావ్యం దాన్ని గెలుపుగా ముగించలేదు. ఆస్తీకుడు వచ్చి యాగాన్ని మధ్యలో ఆపాడు. తక్షకుడు బతికాడు. తనను తలచుకొన్నవారికి నాగులు హాని చేయరన్న మాటను ఆస్తీకుడు పుచ్చుకొన్నాడు. స్తుతితో తీరనిది, నిప్పుతో తీరనిది, ఒప్పుకోలుతో తీరింది. పుట్ట దగ్గరి ఇల్లాలు అడిగేది కూడా ఈ ఒప్పుకోలునే. నాగదేవతల మతానికి కేంద్రం ఉదంకుడి నాలుగు పద్యాలు కాదనీ, ఆస్తీకుడి రాజీ అనీ మా అభిప్రాయం.

ఆస్తీకుడు ఎవరు? తండ్రి జరత్కారువు మానవ ఋషి. తల్లి వాసుకి చెల్లెలు. రెండు కులాల బిడ్డ కనుకనే రెండువైపులా మాట చెల్లింది. ఈ కావ్యం రాయించిన రాజరాజనరేంద్రుడు సైతం వేంగి తండ్రికీ, చోళరాజు కూతురైన కుందవ్వకూ పుట్టినవాడు. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తెలుగు మాట్లాడుతూనే తెలుగు అక్షరాలు రాని తరం పెరిగింది. అందులోనుంచి వచ్చి తెలుగు చదివే విద్యార్థి తాను ఆంధ్రదేశపు విద్యార్థికన్నా వెనకబడ్డానని కుంగడం మేము ఎరుగుదుం. ఛందస్సు, వ్యాకరణం కష్టపడితే వస్తాయి. కళుగుమలై శిల్పాన్నీ శంకరన్‌కోవిల్ పుట్టమన్నునూ నన్నయ పద్యాన్నీ ఒకే చూపులో పెట్టుకోగల అవకాశం మాత్రం పుస్తకాల్లో దొరికేది కాదు. ఆదిపర్వం చేత పట్టుకొని ఒకసారి ఆ కొండ ఎక్కి రమ్మని వారికి చెబుతున్నాం.